సెమిస్టర్ అయిపోయింది, మామ్మగారు అరుగు మీదే ఉన్నారు: ఒక యూనివర్సిటీ వృద్ధాప్య క్లబ్బు కేస్ స్టడీ

ఏప్రిల్‌లో ఒక శనివారం వేరే పని మీద మా యూనివర్సిటీ పక్క ఊరికి వెళ్లాను. రామాలయం వెనక వీధిలో మామ్మగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, పక్కన స్టీలు డబ్బా పెట్టుకుని. డబ్బాలో జంతికలు. నన్ను చూడగానే, "ఏమ్మా, పిల్లలు ఇవాళ కూడా రారా?" అన్నారు. అంతకుముందు రెండు శనివారాలు కూడా ఇలాగే కూర్చున్నారని, చీకటి పడ్డాక డబ్బా లోపలికి తెచ్చి మాట్లాడకుండా పడుకున్నారని కోడలు చెప్పింది.

శనివారాలు ఆమె దగ్గరికి వెళ్లే మా క్లబ్బు విద్యార్థులకు సెమిస్టర్ పరీక్షలు. ప్రిపరేషన్ సెలవులు ఇచ్చేసరికి సగంమంది హాస్టల్ నుంచి ఇళ్లకు వెళ్లిపోయారు. ఈ సంగతి క్లబ్బులో అందరికీ తెలుసు. మామ్మగారికి మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

అదే నెలలో క్లబ్బు వార్షిక నివేదిక రాసి పంపాను. ఎన్ని ఇళ్లకు వెళ్లాం, ఎన్ని గంటలు గడిపాం, ఎన్ని ఫొటోలు. కాగితం మీద అది మాకు మంచి సంవత్సరం.

ఈ కేసు ఆ క్లబ్బుది. నేను ఆంధ్రప్రదేశ్‌లోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ చెప్తాను. మూడేళ్లుగా ఈ విద్యార్థి బృందానికి ఫ్యాకల్టీ అడ్వైజర్‌ని. యూనివర్సిటీ పేరు, ఊరి పేరు ఇక్కడ అక్కర్లేదు. ఊళ్లోవాళ్ల వివరాలు కొన్ని మార్చాను.

అసలు ఎందుకు పెట్టాం

2011 జనాభా లెక్కల్లో దేశంలో 60 దాటినవాళ్లు సుమారు 10.4 కోట్లు. 2021కి వేసిన అంచనాల ప్రకారం దేశ జనాభాలో వాళ్ల వాటా 10.1 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 12.4 శాతం. మా చుట్టుపక్కల ఊళ్లలో తిరిగితే ఈ అంకె ఇంకా పెద్దదిగా కనబడుతుంది. చదువుకున్న పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు. ఇంటికి కొత్త రంగు, గేటుకి సీసీ కెమెరా, లోపల ఇద్దరు ముసలివాళ్లు, ఒక్కోచోట ఒక్కరే. ఇంత జరుగుతున్నా మా క్యాంపస్‌లో వృద్ధాప్యం అన్న విషయం ఎంఎస్‌డబ్ల్యూలో (సోషల్ వర్క్ పీజీలో) ఒక యూనిట్, సైకాలజీలో ఒక చాప్టర్. పరీక్షకి రాకపోతే అదీ చదవరు.

తెలుగునేల మీద ఈ విద్య కొత్తది కాదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం సైకాలజీ విభాగంలో పి.వి. రామమూర్తి గారు దశాబ్దాల క్రితమే వృద్ధాప్యం మీద పరిశోధన నడిపారు. అలాంటి పరిశోధన చదువుతూ పెరిగినవాళ్లం మేం. కానీ పరిశోధన వేరు, విద్యార్థులు తమంతట తాము ఒకచోట చేరడం వేరు. ఆ రెండోదానికి నమూనా కోసం నేను అమెరికా వైపు చూశాను. అక్కడ జెరంటాలజీకి, అంటే వృద్ధాప్యం గురించిన చదువుకి, విడిగా విభాగాలున్నాయి. జెరంటాలజీ విద్యార్థుల కోసం సిగ్మా ఫై ఒమేగా అనే గౌరవ సంఘం 1980లోనే మొదలైంది. క్యాంపస్ శాఖలు, ఎన్నికలు, అధ్యక్షుడు, కార్యదర్శి, అతిథి ఉపన్యాసాలు, చిన్న చిన్న స్కాలర్‌షిప్‌లు. బాగుందనుకున్నాను. అచ్చం అలాగే దించాను.

మొదటి ఏడాది దెబ్బతిన్నది అక్కడే. వాళ్ల శాఖలో చేరేవాళ్లు ఆ చదువు చదువుతున్నవాళ్లు, రేపు ఆ ఉద్యోగాల్లోకి వెళ్లేవాళ్లు. మాకు ఆ విభాగమే లేదు. ప్రారంభ సమావేశానికి సెమినార్ హాల్లో 60 కుర్చీలు వేయించాను. వచ్చింది 9 మంది. వాళ్లలో ముగ్గురు జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్) గంటలు పడతాయేమో కనుక్కోవడానికి వచ్చారు. ఎన్ఎస్ఎస్‌లో ఏడాదికి 120 గంటలు చూపించాలి కదా, ఆ టెన్షన్ వాళ్లది. మిగతావాళ్లని పోస్టుల్లో కూర్చోబెట్టాం. అధ్యక్షురాలు, ఉపాధ్యక్షుడు, కోశాధికారి. కోశంలో ఏమీ లేదు. అక్టోబర్ 1న అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం నాడు శాలువాలు కప్పాం. తర్వాత ఫిబ్రవరి దాకా ఏమీ జరగలేదు.

ఆ తొమ్మిదిమందిలో నిలబడ్డవాళ్లు నలుగురు. వాళ్లలో ఒక పోలిక ఉందని చాలా ఆలస్యంగా గమనించాను. నలుగురూ చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరిగినవాళ్లు. తల్లిదండ్రులు గల్ఫ్‌లోనో పట్నంలోనో ఉండి, వీళ్లని ఊళ్లో వదిలి వెళ్లినవాళ్లు. అప్పటినుంచి క్లబ్బులో చేరతామని వచ్చినవాళ్లని మార్కులు, విభాగం అడగడం మానేసి ఒకటే అడుగుతున్నాను: "మిమ్మల్ని పెంచిందెవరు?" సమాధానం రెండు ముక్కల్లో అయిపోతే ఆ విద్యార్థి ఒక సెమిస్టర్ ఉంటాడు. ఐదు నిమిషాలు మాట్లాడితే ఉండిపోతాడు. ఇది శాస్త్రీయమైన పరీక్షేం కాదు, కానీ నాకు ఇప్పటిదాకా ఒకసారే తప్పింది.

క్విజ్ మార్కులు

మొదటి ఏడాది ఇంకో పని చేశాం. అమెరికాలో ఎర్డ్‌మన్ పామోర్ 1977లో వృద్ధాప్యం గురించి 25 అవును-కాదు ప్రశ్నలతో ఒక క్విజ్ తయారుచేశారు. జనంలో ఉన్న అపోహల్ని కొలవడానికి దాన్ని చాలాచోట్ల వాడతారు. దాన్ని తెలుగులోకి తెచ్చాం. కొన్ని ప్రశ్నలు ఇక్కడ అతకవు. పెద్దవాళ్లలో పదో వంతు మంది ఆశ్రమాల్లాంటి సంస్థల్లో ఉంటారా అన్న ప్రశ్న మా ఊళ్లో అడిగితే నవ్వుతారు. వాటిని తీసేసి మావి పెట్టాం. ఉపన్యాసానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి రాయించాం. మార్కులు చక్కగా పెరిగాయి. మార్కులు పెరిగినవాళ్లలో ఊళ్లోకి వచ్చింది ఇద్దరు. అందుకే ఆ క్విజ్‌ని ఇప్పుడు కొత్తవాళ్లని కూర్చోబెట్టి మాట్లాడించడానికే వాడతాం. ముసలితనం అంటే మతిమరుపేనని పాతికేళ్ల కుర్రాడు అవునని టిక్కు పెట్టాక వాళ్ల తాతయ్య గురించి అడిగితే కథ మొదలవుతుంది.

పింఛను తీసేయడానికి వచ్చారా

రెండో ఏడాది కమిటీలు పక్కన పెట్టి ఊళ్లోకి దిగాం. హైవే దాటితే ఊరు. ప్రతి శనివారం సాయంత్రం గంటన్నర, ఇద్దరిద్దరు చొప్పున ఇళ్లకు. క్లబ్బుకి పెట్టిన పెద్ద పేరు ఎవరికీ నోరు తిరగలేదు. ఊళ్లో అందరూ శనివారం గ్రూపు అన్నారు, మేమూ అదే అనుకున్నాం.

మొదటి వారం విద్యార్థులు ప్యాడ్లు, ఫారాలు పట్టుకుని వెళ్లారు. పేరు, వయసు, ఆధార్, ఆదాయం, ఎవరితో ఉంటారు. సోషల్ వర్క్‌లో మేం నేర్పేదే అది. మూడో ఇంట్లో ఒక పెద్దాయన లోపలికెళ్లి తలుపేసుకున్నారు. నాలుగో ఇంట్లో ఒకావిడ సూటిగా అడిగింది: "మీరు పింఛను తీసేయడానికి వచ్చారా?" మా దగ్గర ఒకటో తారీఖున గ్రామ సచివాలయం వాళ్లు ఇంటికే తెచ్చి ఇచ్చే పింఛను, 2024 జూలై నుంచి 4,000 రూపాయలు, చాలామంది చేతిలో సొంతంగా ఆడే డబ్బు అదొక్కటే. మందులకి, మనవడి చాక్లెట్‌కి, తనకంటూ ఒక కిళ్లీకి. ఎవరైనా ప్యాడ్ పట్టుకుని వస్తే పేరు తీసేయడానికే వచ్చారని వాళ్ల అనుభవం. అందులో తప్పేముంది?

ఆ రాత్రే రూలు పెట్టాం. ఇంట్లో కాగితం తీయకూడదు. ఫోన్ తీయకూడదు. ఫొటో అసలే వద్దు. బయటికొచ్చాక గుర్తున్నంతవరకు నోట్‌బుక్‌లో రాసుకోవాలి. గుర్తులేనిది అంత ముఖ్యమైనది కాదు. ఈ రూలు మీద ఫిజియోథెరపీ, సైకాలజీ విద్యార్థులు నాతో గట్టిగానే వాదించారు. వాళ్లకి డేటా కావాలి, ప్రాజెక్టుంది. సరే, రెండు నెలలయ్యాక చూద్దామన్నాను.

రెండు నెలల తర్వాత చూశాం. ఫిజియో విద్యార్థులు కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి వెనక్కొచ్చి కూర్చోవడానికి ఎంత సమయం పడుతుందో కొలిచే పరీక్ష పెట్టారు. 12 సెకన్లు, అంతకుమించి పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. పుస్తకంలో చేతులున్న గట్టి కుర్చీ అని ఉంటుంది. ఊళ్లో ఉన్నది ప్లాస్టిక్ కుర్చీ, ఆనుకుని లేస్తే వెనక్కి జారుతుంది. మూడు మీటర్లు చదునుగా ఉన్న నేల రెండిళ్లలోనే దొరికింది. సైకాలజీ అమ్మాయి 15 ప్రశ్నల కుంగుబాటు స్కేలు అడిగింది. మీ జీవితం శూన్యంగా అనిపిస్తుందా అని కోడలు ముందు, వంటింటి గుమ్మంలో అడిగితే ఏ అత్తగారు అవునంటుంది? అందరికీ సున్నా, ఒకటి, రెండు. అదే ఊరు, అదే వారం, ఒకావిడ నోట్‌బుక్ లేని ఇంకో విద్యార్థితో "నిద్ర లేవకుండా ఉంటే బాగుండునే అమ్మాయ్" అంది.

ఆ మాట విన్న అమ్మాయి నాకు ఫోన్ చేసింది. ఆ ఇంటికి నేనే వెళ్లాను, జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లాం. వృద్ధుల ఆరోగ్యానికి 2010లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం ప్రకారం జిల్లా ఆసుపత్రిలో 10 పడకల వృద్ధుల వార్డు, కింది స్థాయిలో వారానికోసారి క్లినిక్ ఉండాలి. విద్యార్థులకి అప్పుడే ఇంకో రూలు చెప్పాను. ఏ రోజు ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియని సమస్యని మనం పరీక్ష పెట్టి వెతకకూడదు. వెతికితే బాధ్యత మనది. ఎల్డర్ లైన్ 14567 నంబరు మాత్రం ప్రతి ఇంట్లో గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టాం. మేం లేని రోజుల్లో అయినా ఎవరో ఒకరు ఎత్తాలి కదా.

నిజంగా ఉపయోగపడ్డ పని మేం ప్లాన్ చేసింది కాదు. పింఛను ఆగకుండా ఉండాలంటే రిటైర్డ్ ఉద్యోగులు ఏటా లైఫ్ సర్టిఫికెట్, అంటే బతికే ఉన్నామన్న రుజువు, ఇవ్వాలి. డిజిటల్‌గా ఇచ్చే పద్ధతి 2014 నుంచి ఉంది. కానీ వేలిముద్రలు అరిగిపోయినవాళ్లకి మెషిన్ ఒప్పుకోదు. తెల్లారి లేచి ఆటో కట్టించుకుని వెళ్లి, నాలుగు వేళ్లూ పెట్టి, పడక, తిరిగొచ్చేవారు. మొహం చూపించి చేసే పద్ధతి ఫోన్‌లోనే ఉందని ఒక ఫార్మసీ అబ్బాయికి తెలుసు. వాళ్ల నాన్న రిటైర్డ్ కండక్టర్. ఒక శనివారం అరుగు మీద కూర్చుని పదకొండుమందికి చేశాడు. కాటరాక్టు ఆపరేషన్ అయినవాళ్లు కళ్లు ఆర్పడం కష్టమై మళ్లీ మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చింది. ఫోన్ రూలు ఆరోజు మేమే మీరాం. మర్నాటినుంచి ఊళ్లో మాకు కాఫీలు.

వినికిడి సంగతి కూడా అలాగే తెలిసింది. తాతగారికి వినపడదని విద్యార్థులు అరిచేవారు. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి సన్నని, పైస్థాయి శబ్దాలు. అరిస్తే గొంతు ఇంకా సన్నబడుతుంది, మాట ఇంకా చెదురుతుంది. ఎదురుగా వెలుతురులో కూర్చుని, గొంతు దించి, నెమ్మదిగా చెప్పాలి. టీవీ ఆపాలి. ఇది చెప్పాక ఒక ఇంట్లో కొడుకు "ఇన్నేళ్లు నాన్నకి కోపమనుకున్నాం, వినపడక అన్నమాట" అన్నాడట.

ఆర్డీవో కాగితం

మేం చేసిన పెద్ద తప్పు ఇదే. ఒక తాతగారు ఉన్న ఎకరమూ కొడుక్కి దాన సెటిల్‌మెంట్ రాసిచ్చారు. తర్వాత కొడుకు పట్టించుకోవడం తగ్గించాడు. మధ్యాహ్నం అన్నం వచ్చిన రోజు వస్తుంది, రాని రోజు రాదు. వెళ్లే ఇద్దరిలో ఒకడు ఎంఎస్‌డబ్ల్యూ చివరి ఏడాది, చురుకైనవాడు. తల్లిదండ్రుల పోషణ, వయోవృద్ధుల సంక్షేమ చట్టం, 2007 క్లాసులో అప్పుడే అయింది. ట్రిబ్యునల్ ఆర్డీవో దగ్గర, లాయర్లతో పనిలేదు, నెలకి 10,000 దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చి, చూడకపోతే 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజునే రద్దు చేయించవచ్చు. వాడు రాత్రి కూర్చుని అర్జీ రాసుకొచ్చాడు. తప్పులేని అర్జీ. నాకూ చూపించాడు. మెచ్చుకుని దిద్దిచ్చాను. తాతగారిని అడిగావా అని మాత్రం నేను అడగలేదు.

తాతగారు అర్జీ మొత్తం చదివించుకున్నారట. అంతా విని, "అయితే నా కొడుకుని నేను ఆఫీసుకి ఈడవాలంటావా నాన్నా?" అన్నారు. సంతకం పెట్టలేదు. ఈలోపు సంగతి కొడుకు చెవిన పడింది. సోమవారం పొద్దున్నే యూనివర్సిటీ గేటు దగ్గరికొచ్చి నానా మాటలు అన్నాడు. ఆ వీధిలో రెండు నెలలు మా పిల్లల్ని ఏ ఇంట్లోకీ రానివ్వలేదు. తాతగారికి అన్నం ఆ రెండు నెలలూ వచ్చిందో లేదో మాకు తెలిసే దారి లేదు. ఆయన్ని కాపాడబోయి ఆయన దగ్గరికి వెళ్లే దారి మూసేసుకున్నాం.

మళ్లీ వెళ్లాక ఆయన పిలిచి, "ఆ ఆర్డీవో కాగితం ఉందా?" అని అడిగారు. ఉందన్నాడు మావాడు. దాన్ని తీసుకుని నాలుగు మడతలు పెట్టి ట్రంకుపెట్టెలో అడుగున పెట్టుకున్నారు. ఇవ్వలేదు, చింపలేదు. పెట్టెలో ఉన్న సంగతి కొడుక్కి తెలిసేలా మాత్రం చూసుకున్నారని నా అనుమానం. అన్నం వేళకు వస్తోంది.

ఇప్పుడు చట్టం విషయం వస్తే విద్యార్థులు చెప్పాల్సింది ఒకటే వాక్యం: ఇలాంటి దారి ఒకటి ఉంది, కావాలంటే చెప్పండి. మళ్లీ ఎత్తాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం.

ఏప్రిల్ తర్వాత

జంతికల డబ్బా చూసొచ్చాక ఒక ఆదివారం పాతవాళ్లందరినీ కూర్చోబెట్టాను. అందరి నోట్‌బుక్‌లూ తీసి ఏ ఇంటికి ఏ వారం వెళ్లలేదో క్యాలెండర్ మీద గుర్తులు పెట్టాం. ఖాళీలు ఒకేచోట గుమిగూడి ఉన్నాయి. ఇంటర్నల్స్, సెమిస్టర్ పరీక్షలు, దసరా, సంక్రాంతి, వేసవి. మా క్యాలెండర్ యూనివర్సిటీది. ఊళ్లో పెద్దవాళ్లకి సెలవులు లేవు.

సంక్రాంతి గురించి ఒక మాట. పండగ నాలుగు రోజులూ మేం అక్కర్లేదు, పిల్లలొస్తారు. కనుమ మర్నాడు కార్లు వెళ్లిపోయాక వచ్చే వారమే వాళ్లకి ఏడాదిలో కష్టమైన వారం. సరిగ్గా ఆ వారమే మా విద్యార్థులు కూడా వాళ్ల ఊళ్లలో ఉంటారు. ఇప్పుడు ఆ శనివారానికి ఊరు దగ్గరున్న ఇద్దరు ముగ్గురు ముందే పేరిస్తారు.

మిగతా మార్పులు చిన్నవే, అమలు కష్టం. 22 ఇళ్లని 8కి తగ్గించాం. నివేదికలో గంటలు పడిపోయాయి, పైనుంచి ఎందుకని అడిగారు, సమాధానం రాశాను. ప్రతి ఇంట్లో పెద్ద అంకెల క్యాలెండర్ తగిలించాం. వచ్చే శనివారాలకి సున్నా, రాని వారాలకి అడ్డగీత, జూన్‌లోనే వేసేస్తాం. రాని వారాల్లో పది నిమిషాలు ఫోన్, సాయంత్రం అదే వేళకి. చివరి ఏడాది విద్యార్థి జనవరి నుంచే జూనియర్‌ని వెంట తీసుకెళ్లాలి. వెళ్లిపోయే ముందు చివరి శనివారం చెప్పి వెళ్లాలి. ఈ ఆఖరిది పిల్లలకి అన్నిటికంటే కష్టంగా ఉంది. చెప్పకుండా జారుకోవడమే సులువు. ఒకబ్బాయి గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాడు. నేను తోడెళ్లాను. మామ్మగారు ఏడవలేదు, "ఉద్యోగం ఎక్కడ చూస్తున్నావు?" అని అడిగి అరగంట సలహాలు చెప్పారు.

ఇంకొకటి మాస్టారి వల్ల జరిగింది. రిటైర్డ్ ఎలిమెంటరీ టీచరు, ఎనభై దాటాయి. మావాళ్లు క్యాంపస్‌లో అంటించిన పోస్టరు చూశారు: వృద్ధులను ఆదుకుందాం రండి. "ఆదుకోవడానికి నేనేం పడిపోయానా?" అన్నారు. పోస్టర్లు తీయించాం. ఆయన్ని మీటింగులకి రమ్మన్నాం, సభ్యుడిగా. కొత్త విద్యార్థులకి మాట్లాడటం నేర్పే గంట ఇప్పుడు ఆయనదే. ప్రశ్న అడిగాక నోరు మూసుకుని ఎంతసేపు ఉండాలో వాచీ పెట్టి ప్రాక్టీసు చేయిస్తారు. మా సెమినార్ హాలుకి ర్యాంపు లేదని నాకు మూడేళ్లుగా తెలుసు. ఆయన రెండో మీటింగుకే రిజిస్ట్రార్‌కి తెలుగులో ఉత్తరం రాశారు.

గత శీతాకాలం ఎనిమిదిమందిలో ఒకరు పోయారు. వెళ్లే అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. చావు చూడటం అదే మొదటిసారి. శిక్షణలో అన్నీ చెప్పాం, ఇది చెప్పలేదు. దినం రోజు వాళ్ల కోడలు ఫోన్ చేసి భోజనానికి రమ్మంది. వెళ్లాలా మేడమ్, అని అడిగితే వెళ్లమన్నాను, పక్కనే కూర్చున్నాను. విస్తరి ముందు కూర్చుని పిల్ల ఏమీ తినలేకపోయింది. తర్వాత మూడు శనివారాలు రాలేదు, నేనూ అడగలేదు. నాలుగోవారం వచ్చి వేరే ఇల్లు అడిగింది.

ఆ కోడలు సంగతి ఇప్పుడు మా ముందున్నది. అత్తగారు మంచాన పడ్డ పద్నాలుగు నెలలు అన్నీ తనే చూసింది. శనివారం మా పిల్లలు వచ్చి అత్తగారితో కబుర్లు చెప్పి వెళ్లేవారు. కాఫీ ఇచ్చేది. భోజనాల దగ్గర నాతో మామూలుగానే అంది: "ఆ గంటన్నరలో నేను బజారుకెళ్లొచ్చేదాన్నండీ. మీవాళ్లు ఉండగా వెళ్లొచ్చా అని అడగడానికి మొహమాటపడ్డాను." మా నోట్‌బుక్‌లన్నీ వెనక్కి తిప్పి చూశాను. ఆమె గురించి ఉన్నది ఒకే వాక్యం, కాఫీ బాగుందని.

ఈ జూన్‌లో ఎనిమిదో ఇల్లు ఖాళీగా ఉంది. మంచాన ఉన్నవాళ్లున్న ఇల్లు తీసుకుందామని, వెళ్లగానే ముందు ఇంటావిడని ఎక్కడికైనా వెళ్లొస్తారా అని అడుగుదామని ఇద్దరు విద్యార్థులు అంటున్నారు. మంచాన ఉన్న మనిషిని ఎలా పక్కకి తిప్పాలో, గొంతుకి అడ్డం పడకుండా నీళ్లెలా పట్టాలో వాళ్లకి రాదు. ఫిజియో విభాగం నుంచి ఒకరిని, నర్సింగ్ కాలేజీ నుంచి ఒకరిని రెండు శనివారాలు రమ్మని అడిగాను. ఒకరు ఒప్పుకున్నారు.